చప్పుడు ఆగిన రోజు

నా దవడలో టక్కుమని చప్పుడు మొదలైంది సంక్రాంతి ముందు. ఆ పది రోజులు నెక్కొండలో టైలర్లకు నిద్ర ఉండదు. మిషన్ పక్కన జాకెట్ల గుట్ట, ఇంట్లో సకినాల పని. సకినం కొరికినప్పుడల్లా కుడిచెవి ముందర ఏదో జారి మళ్లీ కూర్చున్నట్టు టక్ అనేది. నొప్పి మాత్రం చెవిలో. చెవి పాడైందనుకొని, ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె గోరువెచ్చగా వారం రోజులు పోసుకున్నాను. నొప్పి అట్లనే ఉంది.

తర్వాత నా అనుమానం వెనక పన్ను మీదికి పోయింది. మొదట చూసిన దంతాల డాక్టరు "పన్ను మంచిగుందమ్మా, పీకను" అన్నాడు. నేను వినలేదు. ఇంకోచోటికి పోయి, నొప్పి ఇందులోనే అని వేలు పెట్టి చూపించి, పట్టుబట్టి పీకించుకున్నాను. దూది మీద ఆ పన్ను చూశాను. రెండు వేర్లూ తెల్లగా ఉన్నాయి, పుచ్చు మచ్చ ఒక్కటి లేదు. చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

మా ఆయన చాలాసార్లు చెప్పాడు: "నిద్రల పండ్లు పటపట కొరుకుతున్నవే." కడుపులో పురుగులేమో అని గోళీ మింగి ఊరుకున్నాను. పిల్ల కాలేజీ ఫీజు, సంఘం కిస్తీ తలలో తిరుగుతున్న ఏడాది అది. పగలు కూడా నా పళ్లకు విరామం లేదు. దారం పంటితోనే తెంపేదాన్ని, గుండుసూదులు పళ్ల మధ్యనే పెట్టుకునేదాన్ని. సన్నని కుట్టు వేసేటప్పుడు దవడలు బిగబట్టి కూర్చునేదాన్ని.

పొద్దున లేవగానే అద్దం ముందు నోరు బార్లా తెరిచి ఆ టక్ వచ్చేదాకా సాగదీయడం కూడా అలవాటైంది. వస్తే పట్టు వదిలినట్టు అనిపించేది. ఉగాది దాటాక ఒకరోజు చప్పుడు రాలేదు. ఎంత సంబరపడ్డానో! అవ్వకు ఫోన్ చేసి నయమైందని చెప్పాను. రెండు రోజులకు అన్నం ముద్ద నోట్లో పట్టలేదు. ఆవలింత సగంలో ఆగిపోయింది. మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో రెండు కూడా పట్టలేదు.

పాసింజర్ ఎక్కి వరంగల్ పోయాను. అక్కడి డాక్టరు ముందు బుగ్గలు లోపల తడిమి చూసింది. గుట్కా, వక్క నమిలేవాళ్లకు బుగ్గలు గట్టిపడి నోరు తెరుచుకోదు, అది వేరే జబ్బు. తర్వాత నా రెండు చిటికెన వేళ్లు చెవుల్లో పెట్టించి నోరు తెరవమంది. ఎడమవైపు లోపల ఎముక గుబ్బ ముందుకు జరిగి వెనక్కి రావడం వేలికి తగిలింది. కుడివైపు అది కదిలీ కదలనట్టుంది. నేను నూనె పోసిన చోటుకు గోడ పక్కనే ఉంది దవడ కీలు! అందుకే అది నొప్పి పెడితే చెవి నొప్పిలా అనిపిస్తుందట.

స్కేలు పెడితే 24 మిల్లీమీటర్లు. మామూలుగా 40 పైన ఉండాలి. అప్పుడు అడిగింది: "చప్పుడు ఎప్పుడాగింది?"

ఆ గుబ్బకూ పుర్రెకూ మధ్య చిన్న మెత్తలాంటి బిళ్ల ఉంటుందట. అది ముందుకు జారితే, నోరు తెరిచినప్పుడు గుబ్బ దాని మీదికి ఎక్కుతూ టక్ అంటుంది. నొప్పి లేకుండా ఉత్త చప్పుడే ఉంటే చాలామందికి వైద్యమే అక్కర్లేదు. నాకు మాత్రం బిళ్ల ముందువైపే ఇరుక్కుపోయింది, గుబ్బ ఎక్కలేక ఆగిపోయింది. నేను నయమైందని ఊరందరికీ చెప్పుకున్నది ఆ ఇరుక్కుపోవడాన్ని.

చెవికీ దవడకూ తికమకపడింది నేనొక్కదాన్నే కాదని ఆమె చెప్పింది. 1934లో కోస్టెన్ అనే అమెరికా చెవి వైద్యుడు ఇట్లాంటి బాధలను దవడ కీలుకు ముడిపెట్టి రాశాడట. వెనక పళ్లు ఊడితే కీలు నొక్కుకుపోతుందన్న ఆయన వివరణ తర్వాత నిలబడలేదు. వింటుంటే నా నాలుక పీకించుకున్న పంటి సందులోకి పోయింది.

ఆపరేషన్ అంటుందని భయపడ్డాను. ఆమె చెప్పినవన్నీ చిన్న పనులు. మెత్తన్నం, పప్పు, ఉప్మా. పూటపూటకూ వెచ్చని తడిబట్ట కాపడం. కొన్ని రోజులు నొప్పి మాత్రలు. ఆవలింత వస్తే గదవ కింద పిడికిలి. వేళ్లతో మెల్లగా నోరు సాగదీసే కసరత్తు, నేను అద్దం ముందు చేసినట్టు బలవంతంగా కాదు. రాత్రి పళ్లకు తొడుక్కునే గట్టి ప్లేటు. అది కొరకడాన్ని ఆపకపోయినా ఆ బలాన్ని తను మోస్తుంది. తగ్గకపోతే సూదులతో కీలు కడుగుతామంది. ఆ అవసరం రాలేదు. అన్నిటికన్నా కష్టమైంది ఒకే మాట: పెదాలు కలిసుండాలి, పళ్లు విడిగా ఉండాలి. మిషన్ తొక్కుతూ ఎన్నిసార్లు చూసుకున్నా నా పళ్లు బిగిసే ఉండేవి.

నాలుగు నెలలకు మూడు వేళ్లు పట్టాయి, కొంచెం ఇరుకుగా.

ఆ పన్ను గుండీల డబ్బాలో దాచాను. మొన్న పని నేర్చుకునే పిల్ల గుండీలు వెతుకుతూ బయటికి తీసి, "అక్కా, ఇది ఎవరిది?" అంది. నాదే అన్నాను. మంచి పన్నే కదా, ఎందుకు పీకిండ్రు అని అడుగుతూనే చేతిలోని జాకెట్ దారాన్ని నోటి దగ్గరికి తీసుకుంది. నేను కత్తెర చాపాను.