వేళ్లను చూడని ప్రేమ

నా మొదటి ఫెలనాప్సిస్ ఏమైందని ఎవరడిగినా చీడ పట్టిందని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. రెక్కలు చాచిన చిమ్మటలా పూసే ఆ ఆర్కిడ్‌కు ఏ చీడా పట్టలేదు. దాని వేళ్లను కుళ్లబెట్టింది నేనే.

కీసరలో బంతి, చామంతి, కూరగాయల మళ్ల మధ్య పెరిగినవాణ్ణి. మొక్కంటే ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, పొద్దున్నే నీళ్లు అనుకున్నాను. నర్సరీలో పనిచేసే ఒకమ్మ "దీనికి మట్టి పెట్టకు బిడ్డా" అని చెప్పింది. మట్టి లేకుండా మొక్క బతుకుతుందా అని ఆ మాట పక్కన పెట్టేశాను. ఇంటికి తెచ్చి, నర్సరీవాళ్లు పెట్టిన నాచులోంచి తీసి, ఎర్రమట్టిలో నాటాను. కుండీ అంచు దాటి వేలాడుతున్న లావుపాటి వేళ్లు అందం చెడగొడుతున్నాయని కత్తిరించాను.

ఆ వేళ్లే దాని ప్రాణం. అడవిలో అది చెట్టు బెరడును కరచుకుని ఉంటుంది. చెట్టు రసం తాగదు, కనుక బదనిక కాదు. వేరు చుట్టూ ఉండే మెత్తటి పొర వాన నీటిని పీల్చుకుంటుంది, గాలికి మళ్లీ ఆరుతుంది. తడిసిన వేరు పచ్చగా, ఆరిన వేరు వెండిరంగులో కనిపిస్తుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో ఆ రంగే చెబుతుంది. నేను ఆ రంగును మట్టిలో పూడ్చేశాను.

ఆకులు ముడతలు పడ్డాయి. దాహమనుకుని ఇంకా పోశాను. నా మూర్ఖత్వమంతా ఇక్కడే ఉంది. నీళ్లు చాలని మొక్క ఆకూ, వేళ్లు కుళ్లిన మొక్క ఆకూ ఒకేలా ముడుచుకుంటాయి. వేళ్లే లేనప్పుడు ఎన్ని నీళ్లు పోస్తే ఆకుకు అందుతాయి? పైనుంచి పోసిన నీరు మొవ్వులో నిలిచి, చివరికి అదీ నల్లబడి ఊడిపోయింది. ఈ మొక్క పెరిగేది ఆ ఒక్క మొవ్వు నుంచే.

నాకంటే ముందూ ఇలాంటి తప్పు చేసినవాళ్లున్నారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు వాళ్లు ఉష్ణదేశాల ఆర్కిడ్లను ఓడల్లో తెప్పించి, మూసిన గాజుగదుల్లో ఆవిరితో ఉడికించినంత పని చేశారు. జాన్ లిండ్లీ అంతటి వృక్షశాస్త్రవేత్త కూడా మొదట్లో వేడి, తేమ, నీడే వాటికి కావాలన్నాడు. చాట్స్‌వర్త్ తోటల్లో జోసెఫ్ పాక్స్‌టన్ లాంటివాళ్లు గాలి ఆడనిచ్చాకే అవి నిలదొక్కుకున్నాయి. ఇది చదివాక నాకు ఊరట కలగలేదు. వాళ్లలో చాలామంది అవి పెరిగే అడవులను చూడలేదు. నేను మాత్రం చిన్నప్పుడే పాత మామిడి కొమ్మల మీద మన వాండా ఆర్కిడ్‌ను చూశాను. గాలిలో వేలాడే దాని వేళ్లనూ చూశాను. కళ్లెదుట ఉన్నదాని నుంచి ఏమీ నేర్చుకోలేదు.

రెండో మొక్కను బెరడు ముక్కల్లో, బొగ్గులో పెట్టాను. బతికింది. ముదురాకుపచ్చగా మెరిసే ఆకులను అందరికీ గర్వంగా చూపించాను. వెలుతురు చాలనప్పుడే ఆకు అంత ముదురుతుందని, పూసే మొక్క ఆకు కాస్త లేతగా ఉంటుందని తెలియలేదు. పైగా చలికాలమంతా దాన్ని తలుపులు మూసిన గదిలో దాచాను. పూకాడ రావాలంటే కొన్ని వారాలపాటు 25 డిగ్రీలకు మించని చల్లదనం కావాలి. 28 దాటితే ఆకులే వస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మా ఊళ్లో ఆ చల్లదనం ఊరికే దొరుకుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడే జరిగే మా కీసరగుట్ట జాతర దాటాక కావాలన్నా దొరకదు.

మరుసటి చలికాలం వరండాలో ఉంచితే పూకాడ వచ్చింది. ఆ మొగ్గలనూ పోగొట్టాను. అరటిపండ్లు మాగేసిన గదిలో పెట్టాను. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ తగిలితే మొగ్గ విచ్చకముందే పసుపెక్కి రాలుతుంది.

ఇప్పుడు లోపలి వేళ్లు కనబడే పారదర్శకమైన కుండీ వాడుతున్నాను. మా బోరు నీళ్లు బిందెకే తెల్లచారలు కడతాయి, అందుకే పట్టి ఉంచిన వాన నీళ్లు పోస్తున్నాను. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ ఆకును మాడుస్తుంది. అన్నిటికంటే అడుగున ఉన్న పాత ఆకు ఒక్కటీ పసుపెక్కి రాలితే కంగారుపడను. అది దాని వయసు.

మీ ఇంట్లో ఆకులు ముడుచుకున్న ఆర్కిడ్ ఉంటే ఇవాళ నీళ్లు పోయకండి. కుండీలోంచి తీసి వేళ్లు నొక్కి చూడండి. మెత్తగా బోలుగా ఉన్నవాటిని శుభ్రమైన కత్తెరతో కోసేసి, గట్టివాటిని కొత్త బెరడులో పెట్టండి. గట్టి వేళ్లు కొన్ని మిగిలినా అది కోలుకోగలదు. నేను చూడకుండా ప్రేమించాను. మీరు ముందు చూడండి.