అడుగుల లెక్క

ఇంటికి కోడలొస్తే కాలు పెట్టిన వేళ ఎలాంటిదని చూడడం మన పాత అలవాటు. కొత్తగా కట్టే షాపింగ్ కాంప్లెక్సులకు వేళతో పనిలేదు, కాలు చాలు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫుట్‌ఫాల్. గుమ్మం పైన ఒక కెమెరా కూర్చుని లోపలికి వచ్చే కాళ్లను లెక్కపెడుతుంది. ఆ అంకె చూపించి పై అంతస్తు అంగళ్లకు అద్దె పెంచుతారు, ఫుడ్ కోర్టుకు అడ్వాన్సు అడుగుతారు, బ్యాంకువాళ్లకు ధైర్యం చెబుతారు. వచ్చినవాళ్లలో సరుకు కొన్నదెవరు, ఏసీ గాలికి నిలబడ్డదెవరు, బయటికెళ్లి మళ్లీ వచ్చి ఇద్దరిగా నమోదైందెవరు అన్నది ఆ కెమెరాకు పట్టదు. ఈ లెక్కన పుంగనూరులో ఎవరైనా మాల్ కట్టదలిస్తే ఒక సలహా ఊరికే ఇవ్వొచ్చు. గేటు దగ్గర పుంగనూరు ఆవును కట్టెయ్యండి. ఎత్తు మూడడుగులకు మించదు, చోటు కలిసొస్తుంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి చేత్తో మేత తిన్న జాతి కాబట్టి ప్రచారం ఖర్చు మిగులుతుంది. పైగా తలకు నాలుగు కాళ్లు.

మన ఊళ్లలో నాలుగంతస్తుల బట్టల అంగడి లేస్తే చాలు, దాన్ని షాపింగ్ మాల్ అనేస్తాం. కాబట్టి జనాన్ని రప్పించే శాస్త్రం కూడా మనకు బట్టల అంగడి గుండానే వచ్చింది: రిబ్బన్ కత్తిరించడానికి ఒక సినిమా తార, మొదటి రోజు చవక చీర, ఒక లక్కీ డ్రా, ‘ఐ లవ్ ఫలానా ఊరు’ అని ఎర్ర గుండె బొమ్మతో నిలువెత్తు అక్షరాలు. ఈ మందు పనిచెయ్యదని ఎవరూ అనరు. పనిచేస్తుంది, అదే దాంతో చిక్కు. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయల చీర అన్నారు. తొక్కిసలాట జరిగి ఆడవాళ్లు గాయపడ్డారు. 2023 సెప్టెంబరు చివర హైదరాబాదు కూకట్‌పల్లిలో లులు మాల్ తెరిచినప్పుడు ఆ దారంతా వాహనాలు ఆగిపోయాయి. లోపల బిల్లు కట్టకుండానే తిని పడేసిన ఖాళీ ప్యాకెట్ల వీడియోలు ఊరూరా తిరిగాయి. కెమెరా లెక్క ప్రకారం అవి బంగారు దినాలు. గల్లాపెట్టె లెక్క వేరేగా ఉంటుందని, గుంపు వేరు, గిరాకీ వేరు అని కిరాణా కొట్టు శెట్టిగారికి చిన్నప్పుడే తెలుసు. మాల్‌కు సలహాలిచ్చే కన్సల్టెంటుగారికి మాత్రం అది తెలియకపోవడమే జీతం.

కాళ్లకు కొదవ లేని చోట కూడా ఈ లెక్క బోల్తా పడుతుందనడానికి హైదరాబాదు మెట్రో సాక్ష్యం. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ సంస్థ వేసుకున్న అంచనాలో రాబడిలో సగం టిక్కెట్ల నుంచి రావాలి, దాదాపు 45 శాతం స్టేషన్లను అంటిపెట్టుకున్న మాల్స్, ఆఫీసుల నుంచి రావాలి. రోజూ లక్షల మంది ఆ మెట్లెక్కి దిగుతున్నారు, ఇంతకంటే అడుగులు ఇంకెక్కడ పడతాయి? అయినా అద్దెల రాబడి అనుకున్నంత పెరగలేదు. 2025 నాటికి ఆ సంస్థ మొత్తం ప్రాజెక్టునే ప్రభుత్వానికి అప్పజెప్పే దారి పట్టింది. కరోనా, అప్పుల వడ్డీ లాంటి పెద్ద కారణాలు ఉన్నాయి, నిజమే. కానీ ఆఫీసుకు పరుగెత్తే కాలు, చీర కొనడానికి తీరిగ్గా వచ్చిన కాలు ఒకటి కావన్న సంగతి కూడా అందులో ఉంది.

మరి కాలు ఎందుకు కదులుతుంది? దీనికి జవాబు వెతుక్కుంటూ విమానమెక్కి సింగపూరు పోనక్కర్లేదు, మదనపల్లె టమాటా మార్కెట్టు దాకా వస్తే సరిపోతుంది. తెల్లారక ముందే మండీల దగ్గర క్రేట్లు, ట్రాక్టర్లు, హమాలీలు, దూరపు రాష్ట్రాల లారీలు. 2023 జులైలో కిలో వంద దాటి పోయినప్పుడు దేశమంతా ఈ ఊరి రేటు కోసం చెవి ఒగ్గింది. ఆ మార్కెట్టుకు ఏ తారా వచ్చి రిబ్బన్ కత్తిరించలేదు. పని ఉంది కాబట్టి మనిషి వచ్చాడు, మనిషి వచ్చాడు కాబట్టి టీ బండి వచ్చింది, టీ బండి పక్కన ఇడ్లీ, మధ్యాహ్నానికి సంగటి ముద్ద, ఊరిబిండి. తిండి ఎప్పుడూ పనికి వెనకాలే నడుస్తుంది. మాల్‌వాళ్లు మాత్రం తిండిని ముందు పెట్టి, దాని వెనకాల పని పుట్టుకొస్తుందని ఆశపడతారు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో మే నెల గంగమ్మ జాతర కూడా అంతే. మొక్కు ఉన్నవాడు సరిహద్దు దాటి కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి వస్తాడు, పోతూ పోతూ బొరుగులు, గాజులు, పిల్లోడికి బూర కొంటాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లున్నాయి. రేకుల షెడ్డు, కాటా, బోర్డు మీద ఆనాటి ధరలు. ఎస్కలేటర్ లేదు, పరిమళం చల్లే యంత్రం లేదు. పాతికేళ్లు దాటినా జనం సంచి పట్టుకుని అక్కడికి వెళ్తూనే ఉన్నారు.

అసలు వినోదం ఇక్కడే మొదలవుతుంది. కొత్త కాంప్లెక్సు తెరిచే ముందు చేసే మొట్టమొదటి పని, ఎదురుగా ఉన్న తోపుడు బండ్లను తీయించడం. అంటే ఊళ్లో అప్పటికే కాళ్లు ఆగే ఒకే ఒక్క చోటును ఊడ్చేసి, ఆ తర్వాత కాళ్లు రావడం లేదని సమావేశం పెట్టుకోవడం. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలి. చట్టం పుస్తకంలో ఉంటుంది, బండి లారీలో ఉంటుంది. బండి పోయిన చోట తర్వాత ‘స్ట్రీట్ ఫుడ్ కార్నర్’ అని గాజు గది వెలుస్తుంది, అందులో గోడ మీద తోపుడు బండి బొమ్మ వేస్తారు. పదిహేను రూపాయల బజ్జీ ఆ గోడను చూసి నూట ఇరవై అవుతుంది.

విలియం వైట్ అనే అమెరికన్ ఈ కాళ్ల లెక్కను కన్సల్టెంట్ల కంటే ముందే, వాళ్లకంటే ఓపిగ్గా చేశాడు. న్యూయార్కు కట్టడాల ముంగిళ్లలో కెమెరాలు పెట్టి జనం కదలికలు చూసి, 1980లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చింది వింటే మన రచ్చబండ పెద్దమనిషి నవ్వుతాడు: కూర్చోవడానికి చోటుంటే జనం కూర్చుంటారు, తిండి బండి ఉంటే ఆగుతారు, జనం ఉన్నచోటికే జనం వస్తారు. అరుగులున్న ఊళ్లో పుట్టినవాడికి ఇది పరిశోధన కాదు, నిత్యజీవితం. మన కాంప్లెక్సుల ముందు మెట్ల అంచుకు ఇనుప మేకులు కొట్టించేది ఎవరూ కూర్చోకూడదనే. 1956లో అమెరికాలో తొలి మూసిన మాల్‌కు నమూనా గీసిన విక్టర్ గ్రూయెన్ సైతం చివరి రోజుల్లో ఆ సంతానం నాది కాదు పొమ్మన్నాడు. తండ్రి వదిలేసిన బిడ్డను మనం దత్తత తీసుకుని బారసాలకు తారను పిలుస్తున్నాం.

సంత అంటే బురద, ఈగలు, ట్రాఫిక్, ఈ కాలం పిల్లలకు ఏసీ కావాలి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో సగం న్యాయం ఉంది. ముఖ్యంగా ఒక విషయంలో మాల్ సంత కంటే మేలు: ఆడమనిషి నిశ్చింతగా వెళ్లగల శుభ్రమైన మరుగుదొడ్డి అక్కడుంది. సంతలో సగం రోజు గడిపే రైతు ఇల్లాలికి అది లేదు. కానీ దీన్నిబట్టి తేలేది సంతకు నీళ్లు, దొడ్డి కావాలని, సంతకు బదులు మాల్ కావాలని కాదు. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ వంద జిల్లాల్లో వంద ఫుడ్ స్ట్రీట్లకు తలా కోటి రూపాయలు ఇస్తామన్నప్పుడు చెప్పిన పనులు కూడా ఇవే: తాగునీరు, చేతులు కడిగే కుళాయి, మరుగుదొడ్లు, చెత్త ఎత్తడం. ఇక ట్రాఫిక్ అంటారా, నాలుగు చక్రాల బండి పెట్టుకోవడానికి సెల్లారు వదలని కాంప్లెక్సు, రోడ్డు పక్కన నాలుగు చక్రాల తోపుడు బండి మీద ఆ నేరం మోపడం చూస్తే ముచ్చటేస్తుంది. పెద్ద బ్రాండు ఒకటి లంగరులా దిగితే చిన్న అంగళ్లు బతుకుతాయన్నది మరో వాదం. లంగరు మంచిదే, నీళ్లుంటే. బెంగళూరు రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్న ఊళ్లో, కొనే స్తోమత ఉన్నవాడు ఆ బ్రాండును బెంగళూరులోనే చూసొస్తాడు, లేనివాడు అద్దంలోంచి చూసిపోతాడు. ఇద్దరివీ కాళ్లే, కెమెరా ఇద్దరికీ సమానంగా అంకె వేస్తుంది.

బండ్లు రాకుండా చూడడానికి గేటు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషిని పెడతారు కదా. ఫుడ్ కోర్టు ధరలు అతని జీతానికి అందవు కాబట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు అతను సందు మలుపులో తను తరిమిన బండి దగ్గరికే పోయి నాలుగిడ్లీ తిని వస్తాడు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కెమెరా కిందుగా నడుస్తాడు. నెలాఖరున వచ్చే ఫుట్‌ఫాల్ నివేదికలో అతని వాటా తక్కువేమీ కాదు.