‘ఇన్న’ అంటే ఉండమని

బుద్ధుడి దంతధాతువు పేటికను మోసే ఏనుగు నా ఎదుట నుంచి దాటిపోయిన పావుగంటకే కుర్చీలోంచి లేచి వచ్చేశాను. శ్రీలంకలోని క్యాండీ పట్నం, దలదా వీధి, శ్రావణ పౌర్ణమి. ఎసల పెరహెర ఉత్సవంలో ఆఖరి రాత్రి ఊరేగింపు. దాని కోసం రెండేళ్లు జీతంలోంచి కొంచెం కొంచెం తీసి దాచుకున్నాను. సముద్రం దాటి అంతదూరం వెళ్లి సగంలో లేచి వచ్చాను. అడిగినవాళ్లందరికీ మాత్రం పెరహెర మొత్తం చూశానని చెప్పాను. అది అబద్ధం.

శ్రీకాకుళం జిల్లాలో ఇరవై ఆరేళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. దంతధాతువు కథ మా పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. నాలుగో శతాబ్దంలో కళింగ రాజు కూతురు హేమమాల, అల్లుడు దంతకుమారుడు మారువేషాలు వేసుకుని, బుద్ధుడి దంతాన్ని ఆమె జడలో దాచుకుని సింహళం చేరారని కథ. వాళ్లు బయల్దేరిన దంతపురం మా సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారులు అంటారు. ఒడిశాలోనూ బెంగాల్లోనూ వేరే చోట్లు చూపించేవాళ్లూ ఉన్నారు. ఆ రెండో మాట నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. ‘ఇది మన జిల్లా నుంచే వెళ్లింది’ అన్నప్పుడు పిల్లల కళ్లలో కనిపించే వెలుగు నాకు ఇష్టం. ఆ వెలుగు కోసం సగం నిజం చెప్పాను.

ప్రయాణానికి ముందు నోటుబుక్కులో ఒక పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు బౌద్ధం అని రాసి దాని కింద క్యాండీ అని పెట్టాను. కుడివైపు హిందూ అని రాసి కతరగామ అని పెట్టాను. అక్కడ కుమారస్వామి గుడి ఉంది. నా తెలివితక్కువతనమంతా ఆ గీతలోనే ఉంది. తర్వాత జరిగిందంతా దానికి ఫలితం.

ఆ రాత్రి సంగతి చెప్తాను. ఒక దుకాణం ముందు వేసిన కుర్చీల్లో ఒకటి డబ్బిచ్చి తీసుకున్నాను. నా కాళ్ల ముందే, పేవ్‌మెంటు మీద చాప పరుచుకుని ఒక సింహళ కుటుంబం కూర్చుంది. వాళ్లు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకున్నారట. వాళ్లలో తెల్లచీర కట్టుకున్న ముసలమ్మ ఒకావిడ, అన్నం పొట్లం విప్పి నాకూ ఒక ముద్ద పెట్టబోయింది. వద్దన్నాను.

చీకటి పడ్డాక కొరడాల చప్పుడు మొదలైంది. కొరడాలు ఝళిపిస్తూ నడిచేవాళ్లు ముందు, నిప్పు చక్రాలు తిప్పేవాళ్లు వెనక, జెండాలు పట్టుకున్నవాళ్లు ఆ వెనక. దారి పొడవునా ఇనుప బుట్టల్లో ఎండు కొబ్బరి మండుతోంది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కు పుటాల్లో ఉంది. డోళ్ల మోత గుండెలో దెబ్బలా పడుతుంటే, వెండి నగల నాట్యగాళ్లు వంగుతూ లేస్తూ వచ్చారు. ఆఖరికి దంతం ఉండే మాలిగావ గుడి ఏనుగు వచ్చింది. వీపు మీద బంగారు పేటిక, పైన గొడుగు. దాని పాదాలు నేలకు తగలకుండా తెల్లగుడ్డ పరుస్తూ పోతున్నారు. ఆ గుడ్డను వాళ్లు ‘పావడ’ అంటారు. మా తాతల కాలంలో పెళ్లి ఊరేగింపులో పరిచే గుడ్డను మనవాళ్లు నడపావడ అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. వీధిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చేతులు జోడించారు. ‘సాధు, సాధు’ అన్నారు. ముసలమ్మ ఏడుస్తోంది.

నేను ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాను.

అసలు పేటికలో ఉన్నది ప్రతిరూపమేననీ, దంతం గుడి దాటి రాదనీ నాకు తెలుసు. అది తెలిసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ ఏనుగు వెళ్లిపోయాక మళ్లీ డోళ్లు, మళ్లీ ఏనుగులు వస్తుంటే, ఇక ఉన్నదంతా చూసిందేనని అనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామునే వ్యాను. లేచాను. ముసలమ్మ నా ప్యాంటు అంచు పట్టుకుని ‘ఇన్న, ఇన్న’ అంది. దాహమేమో అనుకుని నా నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని పక్కన పెట్టి మళ్లీ అదే మాట అంది. నేను ఆ చాప దాటుకుని వెళ్లిపోయాను.

కతరగామకు పగలంతా ప్రయాణం. దిగేసరికి సాయంత్రం పూజ వేళ. వీధులు ఖాళీగా ఉన్నాయి. నిప్పుల గుండం, కావడులు, ఏనుగు మీద యంత్రం ఊరేగింపు అన్నీ దాదాపు నెల కిందట, ఆషాఢ పౌర్ణమితోనే ముగిశాయి. రెండు పండుగలూ ఒకే రోజుల్లో జరుగుతాయని నేనే ఊహించుకున్నాను, ఎవరినీ అడగలేదు. ఇంకొక సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. నేను దక్షిణానికి వెళ్లిన ఆ రోజుల్లోనే ఉత్తరాన జాఫ్నాలో, నల్లూరు కందస్వామి గుడిలో ఇరవై అయిదు రోజుల ఉత్సవం నడుస్తోంది. అదే దేవుడు. నేను ద్వీపంలో రెండో కొసకు వెళ్లాను.

వ్యాను నడిపిన అబ్బాయి సింహళీయుడు, బౌద్ధుడు. మెనిక్ గంగలో మునిగి తెల్లబట్టలు కట్టుకుని, పళ్ల తట్ట పట్టుకుని వచ్చాడు. గుళ్లోకి వెళ్లే వరుసలో విభూతి పెట్టుకున్న తమిళులు, పువ్వులు పట్టుకున్న సింహళ స్త్రీలు కలిసే నిలబడ్డారు. గర్భగుడిలో విగ్రహం కనిపించదు, తెర ఒకటే. ఆ తెర మీద వల్లీదేవసేనలతో కుమారస్వామి బొమ్మ. పూజారులు నోటికి తెల్లగుడ్డ కట్టుకుని నైవేద్యం తెస్తున్నారు. నేను ఆ అబ్బాయిని అడిగాను, ‘ఈ దేవుడు మీవాడా, మావాడా?’ అని.

అతను నా వైపు కాసేపు చూసి, ‘మీరేం మొక్కుకున్నారు సార్?’ అన్నాడు.

‘ఏమీ లేదు బాబూ, చూద్దామని వచ్చాను.’

‘ఇంత దూరం వచ్చి ఏమీ అడక్కుండా వెళ్లకూడదు సార్’ అని తన తట్టలోంచి రెండు అరటిపళ్లు, ఒక దానిమ్మ తీసి నా చేతిలో పెట్టాడు. అతని కూతురికి గుండె ఆపరేషన్ జరిగిందట, ఆ మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. పూజ అయ్యాక తామరపూలు తీసుకుని కిరి వెహెర స్తూపానికి నడిచాడు. నేనూ వెనకే నడిచాను. అతనికి అది ఇంకో మతంలోకి వెళ్లడం కాదు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టు వెళ్లాడు.

ఆ దారిలోనే ముసలమ్మ సంగతి చెప్పి, ఆ మాటకు అర్థం అడిగాను. ‘ఇన్న అంటే ఉండమని సార్. దేవుళ్ల పెరహెరలు ఇంకా రావాలి కదా, అందుకే ఉండమంది’ అన్నాడు.

పేటిక వెనక నాలుగు గుళ్ల ఊరేగింపులు వస్తాయి. ముందు నాథ దేవుడిది, తర్వాత విష్ణువుది, తర్వాత కతరగామ స్వామిది. ఆయన ముందు నెమలిపింఛాల కావడులు ఆడతాయి. అన్నిటికన్నా వెనక పత్తిని అమ్మవారిది. నాలుగు గుళ్లలోనూ ఆడవాళ్లు నాట్యం చేసేది ఆమె ఊరేగింపులోనే. హిందూ పండుగ చూద్దామని నేను నోటుబుక్కులో కుడివైపు రాసుకున్నదంతా ఆ వీధిలోనే, నా వెనకే వస్తోంది. నేను దానికి వీపు చూపించి నడిచాను.

చరిత్ర చెప్పేవాడిగా నాకు మరీ సిగ్గు కలిగించేది ఇంకొకటి ఉంది. ఈ పెరహెర మొదట దేవుళ్లదే. 1681లో లండన్‌లో అచ్చయిన రాబర్ట్ నాక్స్ పుస్తకంలో క్యాండీ ఊరేగింపు వర్ణన ఉంది, అందులో దంతధాతువు లేదు. దాన్ని ఊరేగింపులో ముందు నిలిపినవాడు 1747 నుంచి 1782 వరకు ఏలిన కీర్తి శ్రీ రాజసింహుడు. 1753లో సయాం నుంచి వచ్చిన భిక్షువుల మాట మీద అలా చేశాడంటారు. ఆయన మదురై నుంచి వచ్చిన నాయకుల వంశంవాడు, తెలుగు మూలాలున్న ఇల్లు. హిందూ కుటుంబంలోంచి వచ్చిన రాజు బుద్ధుణ్ణి ముందుంచి, దేవుళ్లను వెనక నడిపించాడు, ఎవరినీ ఇంటికి పంపలేదు. మదురై నాయకుల పాఠం నేను ఎన్నోసార్లు చెప్పాను. ఆ పాఠంలోని మనుషులు కట్టిన ఊరేగింపు కళ్లముందు నడుస్తుంటే పోల్చుకోలేకపోయాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది, ‘ఆఖర్న ఆడవాళ్లు ఆడతారట కదా, టీవీలో చూశాను, దగ్గర్నుంచి ఎలా ఉంది?’ అని. ‘చాలా బాగుంది’ అన్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ జవాబే. తనని తీసుకెళ్లడానికి డబ్బు చాలక నేనొక్కణ్ణే వెళ్లాను. తన కళ్లు కూడా నేనై చూడాల్సింది. చూడకపోగా లేనిది కల్పించి చెప్పాను.

ఆ మరుసటి నెల దంతవరపుకోటకు వెళ్లాను. ఇరవై ఆరేళ్లు పిల్లలకు దాని గురించి చెప్పి, ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టలేదు. మట్టి కోట గట్టు మీద నిలబడ్డాను. అక్కడ పశువులు కాస్తున్న పెద్దాయన అది దంతవక్త్రుడి కోట అన్నాడు. బుద్ధుడి పన్ను కథ ఆయన వినలేదు. ఈసారి నేను ఆయన మాట దిద్దలేదు. గట్టు మీద కూర్చుని ఆయన కథ చివరిదాకా విన్నాను.

ఈ కాగితం ముందుగా మా ఆవిడకే చదివి వినిపించాను. వచ్చే శ్రావణానికి ఇద్దరం వెళ్లాలని డబ్బు దాస్తున్నాం.

మీలో ఎవరైనా ముందే వెళ్తే ఒక్కటే అడుగుతున్నాను. కొబ్బరి మంటలు సన్నగిల్లి, పత్తిని గుడి ఆడవాళ్లు ఆడుతూ మీ ముందు నుంచి దాటిపోయేదాకా లేవకండి. చాప మీద ఏ ముసలమ్మయినా ‘ఇన్న’ అంటే కూర్చోండి. అన్నం ముద్ద పెడితే తినండి.