ఎర్రమట్టికి పోదాం చలో!

చెల్పూర్ అన్న సెల్ఫ్ డ్రైవ్ కారు బుక్ చేసిండు. విశాఖ నుంచి భీమిలి దాకా దాదాపు 30 కిలోమీటర్ల బీచ్ రోడ్డు. ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం. తొట్లకొండ మీద బౌద్ధ స్తూపం, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, నడుమ ఎర్రమట్టి దిబ్బలు.

ప్లాన్ మాత్రం ఆర్నెల్లుగా వాట్సాప్ గ్రూపులోనే టాప్ గేర్లో ఉరుకుతున్నది. బావమరిది వెనుక సీట్ల కూసోడు. వదిన సకినాల డబ్బా లేనిదే కారెక్కదు. పేరుకే సెల్ఫ్ డ్రైవ్! స్టీరింగ్ ఒకటే, నడిపేటోళ్లు ఐదుగురు.

ఎట్టకేలకు కదిలిండ్రు. చెల్పూర్ దాటకముందే ముందర బొగ్గు లారీ, వెనుక బూడిద లారీ. వైపర్ వేస్తే అద్దం ఇంకింత మసకయింది. బొగ్గుతోటి 1100 మెగావాట్ల కరెంటు పుట్టే ఊర్లె పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకున్నరు.

"అన్నా, ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వమట. అయినా 2024ల తవ్వకాల లొల్లి అయింది. మనం పోయేదాకా ఉంటయా?"

"లేకుంటేంది తమ్మీ? మన బూడిద దిబ్బలున్నయి గద! వాటికి ఏ హోదా అక్కర్లేదు, వాటంతటవే పెరుగుతయి!"