ఫ్రెండ్‌కి బాగోలేదట

నర్సీపట్నంలో అందరికంటే పాపాత్ముడు ‘ఫ్రెండ్’. ఆయన పేరు తెలీదు, మొహం ఎవరూ చూళ్ళేదు. రాత్రి తొమ్మిదిన్నరకి మందుల షాపులో జనం పలచబడ్డాక ఆయన తరఫున ఎవరో ఒకరొస్తారు. ముందు జండూబామ్ అడుగుతారు. తర్వాత ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ఆ తర్వాత కౌంటర్ మీదకి వంగి, ‘‘అన్నా, మా ఫ్రెండొకడికి ఒంటేలుకెళ్తే మంటంట. ఏటైనా మంచి బిళ్ళియ్యవా?’’

షాపతను రెండు బిళ్ళలు కత్తిరించి కాగితంలో చుట్టిస్తాడు. అవి సెగకి పనికొస్తాయో, జలుబుకి పనికొస్తాయో ఫ్రెండ్ అదృష్టం. ఫ్రెండ్ భార్యకి ఆ బిళ్ళ కూడా లేదు. మంట తగ్గినా జబ్బు ఇంట్లోనే ఉంటుంది, మళ్ళీ ఆయనకే తిరిగొస్తుంది.

ఈ జబ్బులకి ‘సుఖవ్యాధులు’ అని పేరు పెట్టినవాడు మాలాంటి కాలమిస్టులందరికీ గురువు. మొగుడు అంటించిన సవాయితో, అంటే సిఫిలిస్‌తో, ఆసుపత్రికొచ్చిన ఇల్లాలికి ఇందులో సుఖమెక్కడుందో మాత్రం చెప్పకుండా పోయాడు.

ఇరవయ్యేళ్ళ కిందట రాష్ట్రమంతా హోర్డింగులు: ‘పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?’ అని. ఊరూవాడా పులిరాజా కోసం బెంగపెట్టుకుంది. ‘మరి నాకొస్తుందా?’ అని అడుక్కున్నవాడు లేడు. మన ఫ్రెండ్‌కి వరసకి పెదనాన్న అవుతాడు పులిరాజా.

మూత్రశాల గోడమీద పోస్టరు కూడా ఫ్రెండ్ కోసమే. గుప్తరోగాల వైద్యుడు ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దిగుతాడు. ఏ జబ్బుకైనా ఒకటే లేహ్యం, రక్తపరీక్ష మాటే లేదు. లాడ్జి మెట్లెక్కడానికి రాని సిగ్గు సర్కారాసుపత్రి మెట్ల దగ్గరే ఎందుకొస్తుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఈ మన్యం వాకిట్లో చెప్పి మరీ వచ్చే మర్యాద ఒకటుండేది. అల్లూరి సీతారామరాజు ఠాణా మీదకి వచ్చేముందు మిరపకాయ టపా పంపేవాడని చెప్పుకుంటాం. తెల్లదొరకి దక్కిన ఆ మర్యాద మనకి ఈ జబ్బుల దగ్గర దక్కదు. క్లమీడియా చాలామంది ఆడవాళ్ళలో ఏ లక్షణమూ చూపించకుండా గర్భనాళాల్ని పాడుచేస్తుంది. తర్వాత గొడ్రాలన్న పేరు ఆవిడకి, ఓదార్పు ఆయనకి. సవాయి అయితే మరీ నటన. మూడు వారాలకో, కొందరికి మూడు నెలలకో నొప్పిలేని పుండు వేస్తుంది. మందేమీ లేకుండానే మానిపోతుంది కూడా. మొక్కు ఫలించిందని ఫ్రెండ్ కొబ్బరికాయ కొడతాడు. జబ్బు మాత్రం లోపల్లోపల నడిచి, ఏళ్ళు గడిచాక గుండెనో మెదడునో పట్టుకుంటుంది. తొలిరోజుల్లో దొరికితే ఒక్క పెన్సిలిన్ సూదికి లొంగేది!

మరీ భయస్తులు ఇంకో రకం. రాత్రి తప్పు, పొద్దున్నే పరీక్ష. రిపోర్టులో ఏమీ రాదు, సాయంత్రానికి పార్టీ. హెచ్‌ఐవీ రక్తపరీక్షలో కనబడాలంటే వారాలు పడుతుంది. నెలన్నరకి ఒకసారి, మూడు నెలలకి మరోసారి చూపించుకుంటేనే లెక్క. తప్పు జరిగిన మర్నాడు పొద్దున చేయాల్సిన పని వేరే ఉంది: 72 గంటల్లోపు డాక్టరు దగ్గరకెళితే హెచ్‌ఐవీ రాకుండా 28 రోజుల మందులిస్తారు. ఎంత త్వరగా మొదలెడితే అంత మేలు. ఈ ముక్క ఏ పోస్టరు మీదా నేను చూళ్ళేదు.

కొత్త సంబంధం, ఒకరికంటే ఎక్కువమందితో సంబంధం, కండోమ్ మరిచిన రాత్రి, పుండు, స్రావం, గజ్జల్లో బిళ్ళ... వీటిలో ఏ ఒక్కటున్నా పరీక్షకి వేళైనట్టే. గర్భిణులకి మన ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. ఆవిడ చెయ్యి చాపి రక్తమిస్తుంటే ఆయన బయట చెట్టు కింద రీల్స్ చూస్తుంటాడు. చాలా ఇళ్ళలో ఆయన జబ్బు ఆవిడ రక్తంలోనే బయటపడుతుంది. అప్పుడు కూడా ఆయన మొదటి ప్రశ్న, ‘‘నీకెలా వచ్చింది?’’

ఎవరైనా చూస్తారేమోనని బెంగా? సర్కారాసుపత్రిలో ఐసీటీసీ బోర్డున్న గదిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మన అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ 2017లో చట్టమే చేశారు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మన వీధి అరుగు మీద కంటే ఆ గదిలోనే గుట్టు భద్రం.

అంతదూరం కాళ్ళు రాకపోతే 1097కి ఫోన్ చెయ్యండి, టోల్‌ఫ్రీ. ఫ్రెండ్ కోసమని చెప్పినా పర్వాలేదు, వాళ్ళకి అలవాటే.