మిరుగం నాడు అత్తగారింటికి చేపలు: అల్లుళ్లకు చిట్కాలు

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు నిజామాబాద్‌లో కొర్రమట్ట ధర చెట్టెక్కి కూర్చుంటుంది. కంగారు పడకండి. చేపకు ధర ఉంటుంది గానీ పేరుకు ఉండదు. చవక చేప కొనండి, ఖరీదైన పేరు పెట్టండి.

1. పొద్దెక్కాక బయల్దేరండి. తెల్లారకముందే వెళితే శ్రీరాంసాగర్ చేప తాజాగా దొరికి అనవసరంగా ఖర్చవుతుంది.

2. కొర్రమట్ట తెమ్మంటే మట్టగిడస తెండి. రెంటిదీ పాము తలే, రెండూ నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతాయి. తేడా సైజులోనే. "గింత చిన్నగున్నదేంది అల్లుడా?" అంటే, "రాష్ట్ర చేపను తెచ్చిన, కొలతలు అడుగుతరా అత్తమ్మా?" అని అలగండి.

3. ఇంకా మిగలాలంటే మార్పు. కుంటల్లో దొరికే నాటు మార్పు వేరు, ఆఫ్రికా మార్పు వేరు. బజారులో రెంటికీ ఒకటే పేరు, అదే మన అదృష్టం. ఆఫ్రికాది కోళ్ల వ్యర్థాలు తిని చేతి పొడవు పెరుగుతుంది, తోటి చేపలనూ మింగుతుంది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించింది, అంటే అరుదైన సరుకన్నమాట! ఇంత లావేమిటని అడిగితే, "బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మొలాసిస్ తాగి బలిసింది" అనండి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులోనే మూతపడిందని మామగారికి గుర్తుండొచ్చు. ఆయన అందులోనే పనిచేసి ఉంటే మరీ. అప్పుడు ఫోన్ మోగినట్టు నటించి వాకిట్లోకి నడవండి.

4. చందువకు బదులు రూప్‌చంద్. అది సముద్రం, ఇది దక్షిణ అమెరికా నదుల నుంచి మన చెరువుల్లోకి వచ్చింది. నోరు తెరిస్తే అచ్చం మనిషి పళ్లు! అందుకే తల బజారులోనే వదిలేయండి. ఏదని అడిగితే పిల్లి ఎత్కపోయిందనండి.

5. పులస అడిగితే కాదనకండి. కందకుర్తి దగ్గర పారేదీ గోదావరే. పులస ధవళేశ్వరం ఆనకట్ట దాటి రాదని, అదీ వరదలకే వస్తుందని ఎవరైనా నసిగితే వాళ్లకో ముక్క ఎక్కువ వేయండి.

6. జంతుశాస్త్రం చదివిన బావమరిదిని దగ్గరికి రానీయకండి. లినేయస్ అనే స్వీడన్ ఆయన 1758లో జంతువులన్నిటికీ రెండేసి మాటల లాటిన్ పేర్లు ఖాయం చేసి మన పొట్ట కొట్టాడు. కొర్రమట్ట చన్నా స్ట్రయాటా అట, మట్టగిడస చన్నా పంక్టాటా అట. ఇలా విడదీస్తే సంసారాలు సాగుతాయా?

అన్నీ తు.చ. తప్పకుండా పాటించండి. వచ్చే మిరుగానికి మిమ్మల్ని చేపలు తెమ్మని ఎవరూ అడగరు. దసరాకు పిలుపు కూడా రాదు. బస్సు కిరాయి మిగిలినట్టే.