జూనియర్ కావలెను

ఇంగ్లండులో సొలిసిటర్ కావాలనుకున్న కుర్రాడు లా ఫర్మ్‌లకు దరఖాస్తులు పెట్టుకుంటాడు. ఆ ఫారాల్లో తరచూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: మీరు మా సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు? పాపం, వాడు రాత్రంతా మేలుకుని ఆ సంస్థను పేరాల కొద్దీ పొగుడుతాడు. సీటు దొరికితే రెండేళ్లు ట్రైనీ, నెలనెలా జీతం.

మన మిర్యాలగూడలో మాత్రం ఆ ప్రశ్న లేదా? ఉంది. సీనియర్ సారు కళ్లజోడు పైనుంచి చూస్తూ అడుగుతారు: "ఇంతమంది లాయర్లుండంగ నా దగ్గరికే ఎందుకొచ్చినవ్ తమ్మీ?" దీనికి నిజం జవాబు "మిగతావాళ్లు ఖాళీ లేదన్నరు సార్" అని. కానీ మనవాడు లా చదివినవాడు కదా, నిజాన్ని పక్కన పెట్టి "మీ క్రాస్ ఎగ్జామినేషన్ గురించి చాలా విన్న సార్" అంటాడు.

న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. క్లయింట్లను గాలం వేసి లాగకుండా పెట్టిన నియమమది. మన సీనియర్లు ధర్మనిష్ఠ కొద్దీ దాన్ని జూనియర్ల దాకా సాగదీశారు. ఖాళీ ఉందని ఎవరూ చెప్పరు, దరఖాస్తు ఫారమూ ఉండదు. మేనమామ తోడల్లుడు ఎవరికో ఫోన్ చేయాలి, అంతే. ప్రజాహితం కోరి ఆ ప్రకటనేదో నేనే రాసి పెడుతున్నాను, వాడుకోదలచినవారు వాడుకోవచ్చు.

"జూనియర్ కావలెను. సొంత బైకు, దానిలో సొంత పెట్రోలు తప్పనిసరి. ఎల్‌ఎల్‌బీ ఉన్నవారికి ప్రాధాన్యం. పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, ఆ రోజు వాయిదాల కట్టలు సర్దవలెను. గుమాస్తాను 'అన్నా' అని పిలవవలెను. అతనికి జీతం ఉంది కనుక గౌరవం తప్పదు. ఒకే నిమిషంలో మూడు కోర్టుల్లో పిలిచే మూడు కేసులకూ 'కాసేపాగి పిలవండి' అని పాస్ ఓవర్ అడగగలిగి ఉండవలెను. మోసం కేసంటే సారు నోటికి ఇంకా పాత 420 సెక్షనే వస్తుంది కనుక వెనక నిలబడి కొత్త చట్టంలో 318 అని మెల్లగా అందించవలెను. జీతం గురించి ఎలాంటి ఉత్తరప్రత్యుత్తరాలు జరపబడవు."

ఇక ఇంటర్వ్యూ. రాజ్యాంగం, సాక్ష్యాధారాల చట్టం జోలికి ఎవరూ పోరు. "మీ నాయన ఏం చేస్తడు?" అన్నదే మొదటి ప్రశ్న, చాలాసార్లు అదే ఆఖరిది కూడా. మిర్యాలగూడలో "రైస్ మిల్లు" అని జవాబు వస్తే కుర్చీ దానంతటదే ముందుకు జరుగుతుంది; మిల్లంటే చెక్ బౌన్స్ కేసులు, బాకీ దావాలు. "మాజీ సర్పంచ్" అంటే భూమి తగాదాలు వస్తాయి, టీ కూడా వస్తుంది. "కూలికి పోతడు సార్" అంటే సారు గొంతు తడి అవుతుంది: "రా బిడ్డా, పని నేర్చుకో." ఆ "నేర్చుకో"కి ఎంత జీతమో బార్ రూమ్‌లో ఎవరినడిగినా చెబుతారు. అమ్మాయి వస్తే ప్రశ్నాపత్రమే వేరు: పెళ్లెప్పుడు? అయితే, పిల్లలెప్పుడు?

అలాగని ఎదుగుదల లేదనకూడదు. 2022 జూన్ 2న సూర్యాపేటకు సొంత జిల్లా కోర్టు వచ్చింది. అంతకు ముందు జిల్లా కోర్టు పని పడితే కట్టలు చంకన పెట్టుకుని నల్లగొండ బస్సెక్కాలి. ఆ బస్సు ఛార్జీ ఇప్పుడు మిగిలింది. సూర్యాపేట జూనియర్‌కు ఈ వృత్తిలో దక్కిన ఏకైక ఇంక్రిమెంట్ అదే.

పైవాళ్లూ ఊరుకోలేదు. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో రాసింది 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుంటే, అంతకు మించి తీసుకోవద్దని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ పంపింది: జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 తగ్గకుండా ఇస్తే బాగుంటుందని. గమనించండి, ఇవ్వాలని కాదు, ఇస్తే బాగుంటుందని. దాంతో సూర్యాపేట పట్టణమా, పల్లెటూరా అన్న చర్చ లేచింది. ప్లాటు అమ్మేటప్పుడు మనది హైదరాబాద్ పక్కనే, హైవే మీది మహానగరం. స్టైపెండ్ అనగానే కుగ్రామం. చివరికి బార్ రూమ్‌లో రాజీ కుదిరింది: పట్టణమూ కాదు, గ్రామమూ కాదు, కనుక రెండు రేట్లూ వర్తించవు.

కోదాడ జూనియర్ బాధ మరీ చిత్రమైనది. ఊరు దాటి కాస్త పోతే గరికపాడు చెక్‌పోస్టు, అవతల ఆంధ్రప్రదేశ్. అక్కడ 2019 డిసెంబర్‌లో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు మూడేళ్లపాటు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టారు. అవతలి జగ్గయ్యపేటలో ఆకలికి ఖరీదు కట్టారు; కోదాడలో అదే ఆకలి ఉచితం.

పోనీ వేరే ఉద్యోగం చేసుకుందామా అంటే, న్యాయవాది ఎక్కడా పూర్తికాలం జీతానికి కుదరకూడదు, అదీ నియమమే. అంటే బయట జీతం తీసుకోవడం తప్పు, లోపల జీతం అడగడం మర్యాద కాదు. కనీస వేతనం ఇవ్వలేదని కూలీల తరఫున పిటిషన్ డ్రాఫ్ట్ చేసేది కూడా ఈ కుర్రాడే. సారు చదివి, "ఏడిపించినవ్ పో!" అని మెచ్చుకుంటారు. ఏడిచిందెవరో అడగరు.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందే. కోర్టు మొహం చూడనివాడు బెంచీ ఎక్కకూడదన్న మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఆ మూడేళ్లు అన్నం ఎవరు పెడతారన్నది తీర్పు పరిధిలోకి రాలేదు. మిల్లు వారసుడికి మూడేళ్లంటే అనుభవం. కూలి కొడుక్కి మూడేళ్లంటే మూడేళ్ల వడ్డీ పెరిగిన అప్పు. రేపు బెంచీ మీద ఎవరు కనిపిస్తారో లెక్క వేసుకోవడానికి లా డిగ్రీ అక్కర్లేదు.

ప్రాక్టీసు చేసినట్టు పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అక్కడి ముఖ్య న్యాయాధికారి ధ్రువీకరించాలి. అప్పో సప్పో చేసి మూడేళ్లు ఈదిన కుర్రాడు ఒక సాయంత్రం కాగితం పట్టుకుని సారు ముందు నిలబడతాడు. సారు పెన్ను తీసి, మూత విప్పి, ఆగుతారు.

"జడ్జివైనంక రేపు నీ ముందటికి నా కేసొస్తే పాస్ ఓవర్ ఇస్తవా?"

"మీ జూనియర్ అడిగితే ఇస్త సార్."

"ఏం, నేను రాననుకున్నవా?"